విన్నది రాయి, అమ్ములూ

చి. అమ్ములుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. నీ ఉత్తరం మొన్న అందింది. కళ్లు సరిగ్గా ఆనడం లేదు కాబట్టి పక్కింటి పిల్లాడితో రెండుసార్లు చదివించుకున్నాను. హైదరాబాద్‌లో పత్రికవాళ్లు నిన్ను కచేరీ సమీక్షలు రాయమన్నారని వినగానే ప్రాణం లేచొచ్చింది. మన ఇంట్లో ఆ పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను.

రెండో పేజీకి వచ్చేసరికి మనసు బరువెక్కింది. త్యాగరాయ గానసభ మెట్ల మీద ఒక విద్వాంసుడు నిన్ను ఆపి, "డబ్బు తీసుకుని మా సంగీతానికి మార్కులు వేస్తారు. మీరు లేకపోతే కళకి వచ్చే నష్టమేమీ లేదు, ఉంటేనే నష్టం" అన్నారని రాశావు. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపట్టలేదన్నావు. "నిజమేనా పెదనాన్నా? అయితే నేను ఒప్పుకోను" అన్నావు.

ఆయన మాటలో నిజం ఉంది తల్లీ. ముప్పయ్యేళ్లు పగలు బ్యాంకులో పనిచేసి, సాయంత్రాలు విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, కాకినాడ సభల్లో కూర్చుని రాసినవాణ్ణి. నా రాత వల్ల ఒకరికి జరిగిన నష్టం నా కళ్లతో చూశాను. అది తర్వాత చెబుతాను. అయినా నువ్వు ఒప్పుకోవాలనే అంటాను.

ముందు ఆ డబ్బు సంగతి. పత్రిక ఇచ్చేది ఆటో ఛార్జీలకి సరిపోతే గొప్ప. అయినా ఆ కాస్త డబ్బుకీ ఒక విలువుంది. రసికుడు తనకి నచ్చినవాళ్ల కచేరీకే వెళతాడు, నచ్చకపోతే మధ్యలో లేచి ఇంటికి పోతాడు. రాస్తానని ఒప్పుకున్నవాడు నచ్చనివాళ్లదీ వినాలి, పేరు తెలియని కుర్రాడిదీ వినాలి, తలనొప్పిగా ఉన్న రోజూ వర్ణం నుంచి మంగళం దాకా కూర్చోవాలి. ఆ కట్టుబాటు కోసమే పత్రిక నీకు డబ్బిస్తోంది. దాన్ని తప్పించుకుని రాస్తే మాత్రం ఆ విద్వాంసుడు అన్నది అక్షరాలా నిజమవుతుంది.

విమర్శ వల్ల నష్టం అనగానే అందరూ తిట్టే విమర్శ గురించే అనుకుంటారు. మన తెలుగు పత్రికల్లో నేను చూసిన నష్టం ఎక్కువగా పొగడ్త వల్ల వచ్చింది. "శ్రోతలను సంగీత సాగరంలో ఓలలాడించారు." "రసికులను మంత్రముగ్ధులను చేశారు." "మృదంగంపై ఫలానావారు చక్కని సహకారం అందించారు." ఈ మూడు వాక్యాలు చేతిలో ఉంటే కచేరీకి వెళ్లకుండానే సమీక్ష రాసేయవచ్చు. రాసినవాళ్లూ ఉన్నారు. సభ కార్యదర్శి ముందుగా ఇచ్చిన పాటల జాబితా దగ్గర పెట్టుకుని ఒకాయన రాశారు. అందులో ప్రధానంగా పాడాల్సిన కీర్తనని గాయకుడు ఆ రోజు గొంతు బాగోలేక వదిలేశారు. మర్నాడు పేపర్లో మాత్రం ఆ కీర్తన "హృద్యంగా సాగింది." ఆ గాయకుడు నాకు ఆ కటింగ్ చూపించినప్పుడు ఆయన మొహంలో కనిపించిన బాధ ఇప్పటికీ గుర్తుంది. "నేను పాడినా పాడకపోయినా వీళ్లకి ఒకటేనన్నమాట" అన్నారు. తిట్టి ఉంటే అంత బాధపడేవారు కాదు.

చూడు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి పాఠం చెప్పిన మనిషి. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు, పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు, వీళ్లందరికీ దేశం మెచ్చే పేరు మద్రాసు వేదికల మీదుగానే వచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు ద్వారం వారికి 1941లో, గాయకులు శ్రీపాద పినాకపాణి గారికి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో వచ్చింది. సభలూ డబ్బూ రికార్డింగ్ కంపెనీలూ అక్కడే ఉండేవి, కాదనను. కానీ ఇంకో కారణం కూడా ఉందని నా గట్టి నమ్మకం. అక్కడ కచేరీ అయిన మర్నాడు జనం కాఫీ తాగుతూ సమీక్ష చదివి పోట్లాడుకునేవారు. ఫలానా రాగంలో నిషాదం తక్కువైందని ఒకరు రాస్తే, కాదని పదిమంది ఉత్తరాలు రాసేవారు. ఆ పోట్లాటలో వినడం నేర్చుకునేవారు. మన దగ్గర అందరూ అందర్నీ ఓలలాడించారు కాబట్టి పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

బాలమురళి గారు నాలుగు స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు కట్టినప్పుడు అసలు ఇవి రాగాలేనా అని పెద్ద గొడవే అయింది. ఆయన ఎంత నొచ్చుకున్నారో నేను చెప్పలేను గానీ, నాలాంటి మామూలు శ్రోతకి ఆ గొడవ చాలా మేలు చేసింది. రాగం అంటే ఏమిటి, స్వరాల లెక్కా, వాటి నడకా, తరాలుగా పాడగా పాడగా వచ్చిన రూపమా అని నేను మొదటిసారి కూర్చుని ఆలోచించింది అప్పుడే. ఆ తర్వాత మహతి వింటే ఇంకా బాగా వినిపించింది.

ఇక నా తప్పు చెబుతాను.

1990ల మొదట్లో గోదావరి జిల్లాలో ఒక ఊళ్లో శ్రీరామనవమి పందిరి. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల అమ్మాయి పాడుతోంది. తోడి రాగాలాపన మొదలుపెట్టింది. మంద్ర స్థాయిలోకి, అంటే కింది స్వరాల్లోకి, దిగేసరికి గొంతూ వెనక మోగే శ్రుతీ కలవడం లేదు. పైకి వచ్చాక కూడా ఏదో తేడా. పక్కన కూర్చున్న పెద్దమనిషి పెదవి విరిచాడు. నేను కాగితం మీద "శ్రుతి" అని రాసుకుని కింద గీత గీసుకున్నాను. ఆ రాత్రే రాసి పంపేశాను. ఆ వాక్యం నాకు ఇంకా కంఠతా ఉంది: "సాధన కొరవడిన గొంతుకి తోడి లొంగదు." రాసినప్పుడు ఆ వాక్యం నాకెంతో ముచ్చటేసింది. బ్యాంకులో మిత్రులు కూడా భలే రాశావన్నారు.

మరుసటి ఏడాది ఆ పందిట్లో ఆమె పేరు లేదు. ఆ పక్క రెండు సభల్లోనూ పిలవలేదు. ఒక కార్యదర్శి నా సమీక్ష కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాడని ఆ తర్వాత తెలిసింది.

ఆరేడేళ్ల తర్వాత ఆ రోజు వయొలిన్ వాయించినాయన రైల్లో కలిశారు. మాటల్లో ఆ కచేరీ వచ్చింది. "ఆ రాత్రి కరెంటు ఎక్కువా తక్కువా అవుతోందండీ. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె జారిపోతోంది. నేను దాన్ని పట్టుకుని తీగలు సరిచేసుకుంటున్నాను. ఆ పిల్ల మాత్రం మొదట పెట్టుకున్న శ్రుతినే మనసులో పట్టుకుని పాడింది. నిజం చెప్పాలంటే ఆ పందిట్లో శ్రుతి తప్పనిది ఆవిడ ఒక్కతే" అన్నారు.

నాకు ఒళ్లు చల్లబడింది. రైలు దిగాక వాకబు చేశాను. ఆమె ఒక బడిలో సంగీతం టీచరుగా చేస్తోంది. వెళ్లాను. బడి విడిచాక వరండాలో కూర్చున్నాం. నేను ఎవరో చెప్పి, జరిగింది చెప్పి, క్షమించమన్నాను. ఆమె కోపం చేసుకోలేదు. మంచినీళ్లిచ్చింది. కాసేపు ఆగి ఒక్క మాట అంది: "మీరు విన్నది నిజమేనండీ, శ్రుతి కలవలేదు. నేను సాధన చెయ్యలేదని మీకెవరు చెప్పారు?"

అమ్ములూ, విమర్శ గురించి నాకు తెలిసిందంతా ఆ ప్రశ్నలోనే ఉంది. విమర్శకుడు సాక్షి. విన్నది చెప్పే హక్కు అతనికి పూర్తిగా ఉంది. ఎందుకలా జరిగిందో ఊహించి చెప్పే హక్కు లేదు. "మంద్రంలో గొంతూ శ్రుతీ కలవలేదు" అని రాసి ఊరుకుని ఉంటే, ఆమె గానీ వయొలిన్ ఆయన గానీ పత్రికకి ఒక కార్డు ముక్క రాసేవారు, నిజం బయటపడేది. సాధన లేదని తేల్చేశాక ఎవరు ఏం జవాబు చెబుతారు? తన ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచిన సంగతి ఎవరికని రుజువు చేస్తుంది?

ఇలాంటిదే రష్యాలో జరిగిందని చాలాకాలం తర్వాత చదివాను. రఖ్మానినొవ్ అని మహా స్వరకర్త. 1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన మొదటి సింఫనీ వినిపించారు. రిహార్సల్స్ సరిగ్గా లేవు, వాద్యబృందాన్ని నడిపించినాయనా సరిగ్గా నడిపించలేదు. సీజర్ కుయి అనే విమర్శకుడు ఆ రచనని బైబిల్లో ఈజిప్టు మీద విరుచుకుపడ్డ తెగుళ్లతో పోల్చి రాశాడు. ఆయన విన్నది చెడ్డ ప్రదర్శన. తప్పు రచనదని రాశాడు. రఖ్మానినొవ్ దాదాపు మూడేళ్లు పెద్ద రచనేదీ చెయ్యలేకపోయాడు. నికొలాయ్ దాల్ అనే డాక్టరు చికిత్స చేశాక తేరుకుని రెండో పియానో కాన్చెర్టో రాసి ఆ డాక్టరుకే అంకితమిచ్చాడు. ఆ సింఫనీని మాత్రం బతికుండగా మళ్లీ బయటికి తియ్యనివ్వలేదు. 1943లో ఆయన పోయాక లెనిన్‌గ్రాడ్‌లో వాద్యకారుల ప్రతులు దొరికితే, వాటి నుంచి కూర్చి 1945లో మాస్కోలో మళ్లీ వాయించారు. అది చదివిన రోజు నాకు ఆ బడి వరండా గుర్తొచ్చింది. ఆయనకి డాక్టరు దొరికాడు. మన అమ్మాయికి ఎవరు దొరికారు?

కాబట్టి రాసిన ప్రతి వాక్యాన్నీ పట్టుకుని ఇది విన్నదా, ఊహించిందా అని అడుగు. "సాధన లేదు", "శ్రద్ధ లేదు", "మెప్పు కోసం పాడారు", "గురువు సరిగ్గా నేర్పలేదు". ఇవన్నీ ఊహలు. కొట్టెయ్యి. "పల్లవి రెండోసారి ఎత్తుకున్నప్పుడు కాలం పెరిగింది", "స్వరాలు పాడేటప్పుడు ప్రతి ఆవర్తనమూ ఒకే ముక్తాయింపుతో ముగిసింది". ఇవి విన్నవి. ఉంచు. పొగడ్తకీ ఇదే కొలత. "మంత్రముగ్ధులను చేశారు" అనేది నువ్వు విన్నది కాదు. "అనుపల్లవిలో పై షడ్జం మీద నిలిచినప్పుడు హాల్లో దగ్గు కూడా వినపడలేదు" అనేది విన్నది.

కొలబద్ద కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. త్యాగరాజస్వామి శ్రీరంజనిలో పెట్టిన "సొగసుగా మృదంగ తాళము" తీసి మళ్లీ చదువు. కృతి ఎలా ఉండాలో ఆయనే చెప్పారు. నిజమైన వాక్కులు, స్వరశుద్ధం, యతి, విశ్రమం, సద్భక్తి, విరతి, ద్రాక్షారసం, నవరసాలు. నేను చాలాకాలం ఈ పట్టికని నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకున్నాను. కచేరీ అయ్యాక ఒక్కొక్కటీ చూసుకునేవాణ్ణి. విశ్రమం, అంటే ఆగడం, దగ్గర చాలామంది తేలిపోతారు. ఎక్కడ ఆగాలో తెలియక ఒకే పంక్తిని మార్చి మార్చి పాడుతూ సంగతి మీద సంగతి వేసుకుంటూ పోతారు.

ఆగడం అంటే మాటల విషయం కూడా. తెలుగు విమర్శకురాలిగా నువ్వు మాత్రమే చెయ్యగల పని ఇది. ఒకసారి పేరున్న తమిళ గాయకుడొకరు ఖరహరప్రియలో "చక్కని రాజమార్గము" పాడుతున్నారు. "మార్గము" దగ్గర ఆపి, "లుండగ" అని కొత్తగా ఎత్తుకుని దాని మీద రెండు సంగతులు వేశారు. సంగతులు బంగారంలా ఉన్నాయి. కానీ "లుండగ" అనే మాట తెలుగులో లేదు. రాజమార్గాలు ఉండగా సందుల్లో దూరడం ఎందుకు మనసా అని త్యాగయ్య బతిమాలుతుంటే, ఆ బతిమాలడమే విరిగిపోయింది. నేను అదే రాశాను. తమిళ లిపిలో క, గ లాంటి వాటికి వేరువేరు అక్షరాలు లేవని, అక్కడివాళ్లు అంకెలు వేసుకుని ఎంతో కష్టపడి మన మాటలు నేర్చుకుంటారని కూడా రాశాను. వెక్కిరించలేదు. మూడేళ్ల తర్వాత ఆయనే విజయవాడ వచ్చి అదే కీర్తన పాడారు. "రాజమార్గములు" దాకా ఒక్క ఊపిరిలో తీసుకొచ్చి ఆపారు. నా సమీక్ష చూసి మార్చుకున్నారో, ఎవరైనా చెప్పారో నేను అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికి నడుచుకుంటూ వచ్చాను, ఆటో ఎక్కబుద్ధి కాలేదు.

కొత్తది వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండు. 1978లో తొమ్మిదేళ్ల శ్రీనివాస్ గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మాండలిన్ పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ పొట్టి తీగల మీద, అంత దగ్గర దగ్గర మెట్ల మీద గమకం, అదే స్వరాన్ని ఊపడం, ఎలా పలుకుతుందని అనుమానం రానివాడు లేడు. అనుమానం తప్పు కాదు. వినకముందే పలకదని రాయడం తప్పు. ఆయన జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలకి మార్చుకుని, గమకం పలికించి చూపించారు. అసలు మన పక్కవాద్యాల్లో ముఖ్యమైన వయొలిన్ ఎక్కడిది? బాలస్వామి దీక్షితుల కాలంలో దొరల బ్యాండు నుంచి మన దగ్గరకి వచ్చింది. ద్వారం వారి చేతిలో పడి ఒంటరిగా కచేరీ చెయ్యగల వాద్యమైంది.

నాలుక పదును గురించి ఒక మాట. ఢిల్లీలో స్టేట్స్‌మన్‌కి రాసిన సుబ్బుడు గారని ఒక విమర్శకుడు ఉండేవారు, అసలు పేరు పి.వి. సుబ్రమణ్యం. ఆయన వ్యంగ్యానికి విద్వాంసులు హడలిపోయేవారు. ఆయనకి చెవి ఉంది. ఆయన్ని చూసి రాయబోయినవాళ్లు చెవి వదిలేసి నాలుక పట్టుకున్నారు. నేనూ కొన్నాళ్లు అలా రాశాను, "తోడి లొంగదు" అప్పటిదే. వాక్యం మరీ ముచ్చటగా వచ్చిందంటే దాన్ని అనుమానించు.

మిగతావి చిన్న చిన్న సంగతులు. స్పీకరు పక్కన కూర్చోకు, మధ్య వరసల్లో కూర్చో. పాటల పేర్లు వరసగా రాసి జాగా నింపకు, ఒక్క ప్రధాన కృతిని పట్టుకుని అందులో ఏం జరిగిందో చెప్పు. తాళవాద్యాలవాళ్లు మాత్రమే వాయించే తనియావర్తనం మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది, నువ్వు లేవకు. మృదంగం, ఘటం వాయించేవాళ్లకి ఆ పావుగంటే దక్కుతుంది. వాళ్ల గురించి రాసేది చివరి పేరాలో పెట్టకు. డెస్కులో జాగా చాలకపోతే కింది నుంచే కోస్తారు, పాపం పక్కవాద్యాలవాళ్ల పేర్లే ఎగిరిపోతాయి. మధ్యలోకి తీసుకురా, అప్పుడు కోయలేరు.

శాలువా కప్పుతామంటే వద్దను. కవరు ఇస్తే తీసుకోకు. కార్యదర్శి ఇంటికి భోజనానికి పిలిస్తే నొచ్చుకోకుండా తప్పించుకో. పాడేవాళ్లు మీ గురువుగారి శిష్యులైతే ఆ మాట సమీక్షలోనే చెప్పెయ్యి, లేదా రాయనని చెప్పు. చిన్న ఊళ్లలో ఇది కష్టం, అందరూ అందరికీ తెలుసు. నాకు ఈ ఒక్క విషయంలో రెండు స్నేహాలు పోయాయి. ఒకటి మళ్లీ తిరిగొచ్చింది.

మెట్ల మీద నిన్ను ఆపిన ఆ విద్వాంసుడి కచేరీ ఎప్పుడైనా రాయాల్సి వస్తే తప్పించుకోకు. కోపం ఉందనిపిస్తే ముందు రోజే ఆయన పాత రికార్డింగులు రెండు మూడు విను. ఆయన ఎక్కడ బాగుంటారో తెలిశాక వెళ్లు. ఆయన మనసులో ఏ సమీక్ష గుచ్చుకుని ఉందో మనకి తెలియదు. ఏ వరండాలో ఎవరు కూర్చుని ఉన్నారో తెలియదు.

శనివారం రవీంద్రభారతిలో కచేరీ ఆరింటికన్నావు కదా. అయిదున్నరకే వెళ్లి కూర్చో. వాళ్లు శ్రుతి సరిచేసుకోవడం విను. తంబురా పెట్టుకున్నారా, శ్రుతిపెట్టా, ఫోన్లో యాప్‌ పెట్టారా చూసుకో. రాసింది పత్రికకి పంపే ముందు నాకు ఫోన్ చేసి చదివి వినిపించు. పదిన్నర దాకా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న